సోమవారం ఆడవాళ్లు

రెండో సైరన్ కూసేసరికి పోతయ్య కాలికి ఒక్క బూటే ఉంది. రెండోది చేతిలో పట్టుకుని మంచం అంచున కూర్చున్నాడు. వంగి దాన్ని తొడుక్కోవాలి, తాడు బిగించుకోవాలి. అంతే పని. ఆ కాస్త వంగడమే ఇవాళ కావడం లేదు.

కౌశల్య పొయ్యి మీద రొట్టె తిప్పుతూ తలుపు సందులోంచి చూసింది. చల్లటి పొద్దు. కిటికీలోంచి గాలి వస్తోంది. అయినా అతని మెడ మీద చెమట, నూనె రాసినట్టు మెరుస్తోంది. ఎడమ చెయ్యి చొక్కా బొత్తాల మధ్య దూర్చి, కాలర్ ఎముక కింద ఎక్కడో నొక్కి పట్టుకున్నాడు.

రొట్టె మాడింది. తీసి పక్కన పెట్టింది.

"బూటు నేను తొడగనా?" అంది.

"తొడిగితే నడవాలిగా," అన్నాడు పోతయ్య. మాట మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు. "ఇవాళ కాదే. నువ్ పో. పోయి చెప్పు."

ఏం చెప్పాలో అతను చెప్పలేదు. చెప్పక్కర్లేదు. ఈ సీజన్లో ఇది పదకొండో సోమవారం.

కొంగు తల మీదకి లాక్కుని కౌశల్య బయటపడింది. తువులేకా పంచదార మిల్లు లౌటోకా మిల్లంత పెద్దది కాదు. లౌటోకాకు ముప్పావు గంట బస్సు దూరంలో, సముద్రానికీ చెరకు తోటలకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. మిల్లు వాళ్ల ఇళ్ల వరసలు గేటు దాకా సాగుతాయి. రాత్రంతా చిమ్నీ కక్కిన నల్లటి మసి పీచులు తీగల మీది బట్టల మీద, బేలే ఆకుకూర మొక్కల మీద పడి ఉన్నాయి. చిన్న రైలు పట్టాల మీద చెరకు బండ్లు తూగుతూ పోతున్నాయి. వాటిని దాటనిచ్చి, పట్టాలు దాటి, టైం ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చింది.

అప్పటికే ముగ్గురు నిలబడి ఉన్నారు. బసంతి, రాజ్‌కుమారి, ఇంకో పంజాబీ ఆవిడ. సోమవారం పొద్దున మగాడు పనికి రాకపోతే, సైరన్ కూసిన అరగంటలో ఇంటావిడ వచ్చి కారణం చెప్పాలి. చెప్తే గైర్హాజరు, చెప్పకపోతే ఎగవేత. అదీ ఇక్కడి పద్ధతి. మిగతా రోజుల్లో బజార్లో కనబడితే చెయ్యి పట్టుకుని వదలని ఆడవాళ్లు, ఈ కిటికీ దగ్గర మాత్రం ఒకరి మొహం ఒకరు చూడరు. ఒకరు మిల్లు చిమ్నీని, ఒకరు తమ చెప్పుల్ని చూస్తుంటారు.

కిటికీ అవతల బిజేంద్ర పెద్ద రిజిస్టరు తెరిచి పెట్టుకున్నాడు. చెవి మీద పెన్సిలు.

"కా భయె భౌజీ? ఫిర్ సే?" అన్నాడు. ఏమైంది వదినా, మళ్లీనా అని.

"హాం భయ్యా. నిన్న మళ్లీ తాగాడు. తల ఎత్తలేకపోతున్నాడు."

మొదటి సోమవారం ఈ మాట అనడానికి ఆమె నాలుక పిడచకట్టుకుపోయింది. ఇప్పుడు మంత్రం లాగా వచ్చేస్తోంది. బిజేంద్ర పోతయ్య పేరు ఎదురుగా ఒక్క అక్షరం రాశాడు. మందుకి ఒకటే అక్షరం. జ్వరమైతే మూడు మాటలు రాయాలి, డాక్టరు కాగితం అంటించాలి.

వెనకాల చెరకు లారీ మీద కూర్చున్నవాడు గట్టిగా అన్నాడు, "పోతయ్య భయ్యాకి మండే పూజ!" గేటు దగ్గర నలుగురూ నవ్వారు. బిజేంద్ర కూడా నవ్వాడు. చెడ్డవాడు కాదు. తాగుబోతు మీద ఎవరికీ కోపం ఉండదు, నవ్వే ఉంటుంది.

ఆమె తిరిగి వచ్చేసరికి పోతయ్య గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఒక్క బూటూ అలాగే ఉంది.

"నవ్వారా?" అన్నాడు.

"నవ్వారు."

"నవ్వితే మంచిదే," అని కళ్లు మూసుకున్నాడు.

ఆమె కింద కూర్చుని ఆ బూటు తాడు విప్పింది. ఈ మనిషి పెదవికి మందు తగిలింది లేదు. తాగి తాగి పోయిన తండ్రి పాడె మోసిన రోజున ఒట్టు పెట్టుకున్నాడు. కానీ పోయిన సీజన్లో ఇతని పక్కన, మడ్డిలోంచి పంచదార విడదీసే తిరుగుడు డ్రమ్ము దగ్గర పనిచేసిన సన్యాసి, ఛాతీ పట్టేస్తోందని ఉన్నమాట మిల్లు డాక్టరుకి చెప్పుకున్నాడు. వారం తిరక్కుండా పనికి తగడని కాగితం చేతిలో పెట్టి, కరచాలనం చేసి పంపేశారు. నెలాఖరుకి ఇల్లు ఖాళీ. తాగి మానేసినవాళ్లకి మాత్రం ఒక మందలింపు, రెండు తిట్లు, మర్నాడు మళ్లీ డ్యూటీ. అది చూశాక మిల్లు ఇళ్ల లైన్లో మగాళ్లు ఎవరి లెక్క వాళ్లు వేసుకున్నారు. గుండె అంటే గేటు బయట, మందు అంటే మందలింపు. ఎవరూ పైకి అనలేదు. అనకుండానే అందరికీ తెలిసింది.

డిసెంబరు దాకా లాగితే చాలు, అంటాడు పోతయ్య. గానుగ ఆగాక రిపేర్ల కాలం వస్తుంది. కూర్చుని బోల్టులు తోముకోవచ్చు, ఒంటికి విశ్రాంతి, ఇల్లు ఇల్లుగానే ఉంటుంది. ఇంకా పది వారాలు. కౌశల్య దేవుడి పటం ముందు దీపం పెట్టినప్పుడల్లా ఆ మిగిలిన వారాలనే తలుచుకునేది. వారం గడిచినకొద్దీ అది తరుగుతోంది. పటం వెనకాల గోడ చెమ్మ మాత్రం పెరుగుతోంది.

*

బుధవారం పోతయ్య బాగానే ఉన్నాడు, పొద్దున్నే పనికి వెళ్లాడు. మధ్యాహ్నం కౌశల్య వరండాలో కూర్చుని బేలే ఆకు దూస్తుంటే ఒక పిల్ల వచ్చింది. తెల్ల చొక్కా, బూడిదరంగు గౌను, భుజాన బరువైన సంచి, చేతిలో అట్టకి క్లిప్పు పెట్టిన కాగితాలు.

"అమ్మా, నేను విద్యావతి. సువా నుంచి వచ్చినా," అంది తెలుగులో. "నువ్వు తెలుగామెవని చెప్పిండ్రు. నాకు కొంచెమే వచ్చు. మా నాన్నమ్మ దగ్గర నేర్చుకున్నా."

నాన్నమ్మ మాటలే. నాన్నమ్మ ఈ పిల్లని ఎలా పిలిచేదో, ఆ పిల్ల లోకాన్నంతా అలాగే పిలుస్తోంది. 'మీరు' అన్నది నేర్పకుండానే పోయినట్టుంది ఆ ముసలావిడ. కౌశల్య చేతులు కొంగుకి తుడుచుకుని పీట జరిపింది.

విద్యావతి విషయం చెప్పింది. ఆరోగ్యం ఆఫీసు తరఫున సర్వే. తాగుడు, పనికి గైర్హాజరు, గుండెజబ్బు, ఈ మూడింటికీ ఉన్న ముడి ఏమిటో తెలుసుకోవాలి. మిల్లు రిజిస్టరులో ఎక్కువ సోమవారాలు మానేసినవాళ్ల పేర్లు తీసుకుంది. పోయిన వారం నుంచీ ఇళ్లకి తిరుగుతోంది. కాగితాల మీద పేరు ఉండదు, నంబరే ఉంటుంది. మిల్లువాళ్లకి ఎవరేం చెప్పారో తెలియదు.

"వారంలో ఎన్ని రోజులు తాగుతడు?"

"శనివారం. ఆదివారం."

"బీరా, రమ్మా?"

కౌశల్య ఆకు దూయడం ఆపలేదు. "రమ్ము."

"ఎంత?"

"సీసా."

"ఏ సైజు సీసా అమ్మా? చిన్నదా, పెద్దదా?"

ఎప్పుడైనా కొన్న పాపాన పోతేగా. మందు సీసా ఎంత ఉంటుందో ఆమెకి తెలియదు. తలుపులోంచి లోపల అల్మారాలో వినిగర్ సీసా కనబడింది. అదే చూపించింది. "అంతది."

"రెండు రోజులకా?"

"రోజుకి," అంది కౌశల్య. అబద్ధం చెప్పాక దాన్ని తగ్గించడం మర్యాద కాదనిపించింది.

విద్యావతి కనుబొమలు పైకి లేచాయి. రాసుకుంది. మళ్లీ ఆ సీసా వంక చూసింది. "అమ్మా, నీ మొగుడు ఇంకా నడుస్తున్నడా?"

ఆ మాటకి కౌశల్యకి నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బేలే జిగురు కంట్లో పడిందని చెప్పి తుడుచుకుంది.

నాలుగున్నరకి పోతయ్య వచ్చాడు. మొలాసిస్ మడ్డి వాసనా, ఆవిరి వాసనా అతనికంటే ముందు వచ్చాయి. పిల్లని చూసి, విషయం విని, బుద్ధిగా చెయ్యి చాపాడు. విద్యావతి అతని భుజానికి గుడ్డ పట్టీ చుట్టి బంతి నొక్కింది. పాదరసం పైకి పోయింది. చెవుల్లో గొట్టాలు పెట్టుకుని నెమ్మదిగా వదిలింది. పట్టీ విప్పి, మళ్లీ చుట్టి, మళ్లీ నొక్కింది. తర్వాత మణికట్టు పట్టుకుని గడియారం చూస్తూ కూర్చుంది. ఒక నిమిషం అయింది. వదల్లేదు. ఇంకో నిమిషం.

"ఛాతీలో నొప్పి వస్తదా మామా?"

"లేదమ్మా."

"మెట్లు ఎక్కితే ఆయాసం?"

"మా మిల్లులో నిచ్చెనలే తల్లీ, మెట్లు ఆఫీసర్లకి." తన జోకుకి తనే నవ్వి, దగ్గు రాకుండా పెదాలు బిగించాడు.

"మామా, నువ్వు తాగుడు మానెయ్యాలె. ఒక్క చుక్క కూడా నీకు విషమే. తాగుడు మానేస్తే ఇది కొంచెం దిగుతది."

"మానేస్తానమ్మా," అన్నాడు పోతయ్య. ఎప్పుడూ ముట్టనిదాన్ని మానడం ఎంత తేలిక! కౌశల్య వంటింట్లోకి వెళ్లిపోయింది.

వెళ్తూ వెళ్తూ విద్యావతి కంచె దగ్గర ఆమె చెయ్యి పట్టుకుంది. గొంతు తగ్గించి, "ఇతని గుండె నడక తప్పుతోందమ్మా," అంది. "నాలుగడుగులు వేసి ఒకటి మరిచిపోతోంది. మందు వల్లే అనుకుంటున్నా. మాన్పించు. నీ చేతిలోనే ఉంది."

*

అన్నీ నీ చేతిలోనే ఉన్నాయని ఎవరైనా అంటే ఆడది నిద్రపోతుందా? గురువారం పొద్దున్నే పోతయ్యకి డబ్బా సర్దిపెట్టి, అతను గేటు దాటాక, కౌశల్య స్కూలు హాలుకి బయల్దేరింది. ఈ దీవుల దేశానికి స్వాతంత్ర్యం వచ్చి పదకొండేళ్లు నిండబోతున్నాయి. పండక్కి హాలంతా లేత నీలం జెండాలు కడుతున్నారు. వాటికింద బల్ల వేసుకుని విద్యావతి కాగితాలు వరస పెడుతోంది.

కౌశల్య కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

"నా మొగుడు తాగడు."

విద్యావతి తలెత్తింది.

"ఎప్పుడూ తాగలేదు. నిన్న నేను చెప్పిందంతా అబద్ధం. ఆ సీసా వినిగర్ది. సోమవారాలు గుండె పట్టేస్తుంది. ఆదివారం పగలు డ్యూటీ చేసి, సోమవారం పొద్దున్నే మళ్లీ ఎక్కాలంటే చాతకాదు. గుండె అని చెప్తే పంపేస్తారు. అందుకని తాగాడని చెప్తా. నేనే చెప్తా, పదకొండు సార్లు చెప్పా."

చెప్పాల్సింది అయిపోయింది. అప్పుడు కూర్చుంది.

విద్యావతి కట్టలోంచి ఒక కాగితం వెతికి తీసింది. చూసింది. తర్వాత మెల్లగా అడిగింది, "ఆ కిటికీ దగ్గర నువ్వొక్కదానివేనా అమ్మా?"

"నలుగురం నిలబడతాం. ఒక్కోసారి ఆరుగురం."

"వాళ్లు?"

"బసంతి మొగుడు నిజంగా తాగుతాడు, ఆయన పాటలు మా ఇంటిదాకా వినబడతాయి. రాజ్‌కుమారి..." కౌశల్య ఆగింది. "వాళ్ల ఇంటి ముందు సీసా ఎప్పుడూ చూడలేదు. అంతకంటే నేనేం చెప్పను? మేం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకోం."

విద్యావతి ఆ కట్ట మీద అరచెయ్యి పెట్టింది. ఆ పిల్ల వేళ్లు ఆ కాగితాల్ని నొక్కుతున్నాయి, జ్వరం చూస్తున్నట్టు. "నేను రిజిస్టరు చూసి ఇళ్లు ఏరుకున్నా," అంది, తనలో తను అనుకుంటున్నట్టు. "తాగేవాళ్లకి గుండెజబ్బు ఎంతుందో లెక్కకడుతున్నా. గుండెజబ్బు ఉన్నవాళ్లే తాగుతున్నామంటున్నరా..."

నిన్నటి కాగితం మీద అడ్డంగా గీత గీసింది. కొత్తది తీసి మొదట్నుంచీ అడిగి రాసింది. ఈసారి కౌశల్య ఉన్నది ఉన్నట్టు చెప్పింది: ఎప్పటినుంచి, ఎటువైపు, ఎంతసేపు, రాత్రి దిండు ఎత్తు కావాలా. ఒక్కో ప్రశ్నకీ జవాబు తనకింత తెలుసా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఆఖరున విద్యావతి లౌటోకా ఆసుపత్రికి ఉత్తరం రాసిచ్చింది. మంగళవారం గుండె డాక్టరు ఉంటాడు, తప్పకుండా పోవాలి, పనికి కొన్నాళ్లు పోకూడదు, మందు చుక్క ముట్టకూడదు. ముట్టడని గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.

"ఒకటి చెప్తా అమ్మా, కోపం చెయ్యకు," అంది లేస్తూ. "పోయిన వారం లెక్క మా పెద్దసారు మేనేజరుకి ఇచ్చిండు. పేర్లు లేవు. సోమవారం మానేసేటోళ్లలో పదిమందిలో ఎనిమిది మంది తాగుడు వల్లే అని మాత్రమే. అది తప్పని నేను సారుకి చెప్తా. ఇవాళే చెప్తా."

కౌశల్యకి ఆ లెక్కలో ప్రమాదం ఏమిటో అప్పుడు అర్థం కాలేదు. ఉత్తరం రవికెలో దాచుకుని ఇంటికి నడిచింది. నెలల తరబడి మోస్తున్న రాయి దించినట్టే ఉంది.

ఉత్తరం చూసి పోతయ్య కోప్పడలేదు. మడత పెట్టి ఇచ్చేశాడు. "డిసెంబరులో పోదాం," అన్నాడు.

*

శనివారం పదకొండింటికి కబురొచ్చింది, బిజేంద్ర రమ్మంటున్నాడని.

టైం ఆఫీసు గోడకి కొత్త కాగితం అంటించి ఉంది. జిగురు ఇంకా తడిగానే ఉంది. సర్కారు సర్వేలో తాగుడు సంగతి బయటపడిందనీ, ఇకమీదట మిల్లు చూస్తూ ఊరుకోదనీ, తాగి మూడుసార్లకంటే ఎక్కువ మానేసినవాళ్లని సోమవారం నుంచి పనిలోంచి తీసేస్తున్నామనీ ఉందని బిజేంద్ర చదివి వినిపించాడు. కింద ఆరు పేర్లు. పోతయ్యదే మొదటిది. రాజ్‌కుమారి మొగుడి పేరు నాలుగోది.

శనివారం కాబట్టి కిటికీ దగ్గర ఆడవాళ్లెవరూ లేరు. బిజేంద్ర ఇవాళ నవ్వలేదు.

"భౌజీ, నా చేతుల్లో ఏం లేదు. నువ్వు చెప్పిందే రాశా. నువ్వు చెప్పినప్పుడల్లా రాశా," అన్నాడు హిందీలో. రిజిస్టరు ఆమె వైపు తిప్పాడు. పోతయ్య వరసలో ఆ ఒక్క అక్షరం, పదకొండుసార్లు. చదువు రాని ఆడదానికి కూడా తన మాట తను గుర్తుపట్టడం కష్టం కాదు.

"భయ్యా, ఆయన తాగడు."

బిజేంద్ర ఆమెని ఎగాదిగా చూశాడు. చెవి మీది పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు. "నాకు అనుమానం ఉంది," అన్నాడు నెమ్మదిగా. "సోమవారం తాగినవాడు మంగళవారం కూడా కొంచెం కంపు కొడతాడు. పోతయ్య ఎప్పుడూ కొట్టలేదు. కానీ భౌజీ, ఇది కొట్టేసి గుండె అని రాస్తే, డాక్టరు చూస్తాడు, ఇవాళే అన్‌ఫిట్ అంటాడు. అన్‌ఫిట్‌కి తిరిగి రావడం ఉండదు. ఇదిలాగే ఉంచితే కూడా వెళ్లాల్సిందే. ఏది రాయమంటావు? నువ్వు చెప్పిందే రాస్తా."

ఆమె చెప్పలేక, అడిగి వస్తానని ఇంటికి పరిగెత్తింది. పరిగెత్తడం కాదు, ఆ వయసులో పరుగు లాంటి నడక.

ఇంటి ముందు విద్యావతి ఉంది. గోడ మీది కాగితం చూసి తనే వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. నోటీసు పడగానే ఇక రానక్కర్లేదని పంపేస్తే ఇంటికొచ్చిన పోతయ్య, వరండా మెట్టు మీద కూర్చుని ఆ పిల్లనే ఓదారుస్తున్నాడు.

"నేను మేనేజరు దగ్గరికి పోతా మామా. నువ్వు తాగవని చెప్తా. నేను రాసిన కాగితం ఉంది."

"చెప్పు తల్లీ. మరి పదకొండు సోమవారాలు ఏమైపోయాడని అడుగుతాడు. ఏం చెప్తావు?"

విద్యావతి సంచిలోంచి ఆ కాగితం తీసింది. మళ్లీ లోపల పెట్టేసింది.

"తాగుబోతు మారాడంటే ఎవరైనా నమ్ముతారమ్మా," అన్నాడు పోతయ్య. "బసంతి మొగుణ్ణి రెండుసార్లు తీశారు, రెండుసార్లూ తీసుకున్నారు. గుండె మారిందంటే ఎవరు నమ్ముతారు? సన్యాసి బస్టాండులో వేరుశెనగలు అమ్ముకుంటున్నాడు, చూశావా? నాకు తాగుబోతు పేరే ఉండనీ. ఆ పేరుకి తలుపు తెరిచి ఉంటుంది."

కౌశల్య బిజేంద్రకి వెళ్లి చెప్పింది, అలాగే ఉంచమని. పన్నెండోసారి చెప్పినట్టయింది.

రెండింటికి సువా బస్సు. సంచి భుజానికి తగిలించుకుని విద్యావతి బయల్దేరింది. పెద్దసారుతో పోట్లాడతానంది, లెక్క మార్పిస్తానంది, రాసి పుస్తకంగా వేయిస్తానంది. ఆ పుస్తకం వచ్చేసరికి ఎన్నేళ్లు పడుతుందో ఇద్దరూ అడగలేదు. పట్టాల దాకా వెళ్లి తిరిగి వచ్చి, కౌశల్య రెండు చేతులూ పట్టుకుంది. "పోతున్నా అనకూడదని నాన్నమ్మ చెప్పింది," అంది. "వస్తా అమ్మా." వస్తా అని వెళ్లినవాళ్లలో తిరిగి వచ్చినవాళ్లు కౌశల్యకి వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. కూతురు కామిని కూడా వనువా లేవు దీవికి పడవ ఎక్కుతూ అదే మాట అంది. డ్రెకేటిలో వరి పొలాలు, అత్తవారు, ముగ్గురు పిల్లలు. ఆరేళ్లయింది. ఇల్లు పోతే ఇక తామే ఆ పడవ ఎక్కి, అల్లుడి చూరు కింద చేరాలి.

*

ఆదివారం సాయంత్రం డ్యూటీ దిగి ఫోర్‌మన్ జై వచ్చాడు. వెంట పోతయ్య షిఫ్టువాడు ముకేష్. జై చేతిలో న్యూస్‌పేపరులో చుట్టిన సీసా. కౌశల్య మొదటిసారి చూసింది, రమ్ము సీసా వినిగర్ సీసా కంటే ఎంత పెద్దదో.

"పోతయ్య భయ్యా! మొహం వేలాడేసుకోకు," అంటూ జై చాప మీద కూర్చున్నాడు. "మేనేజరుతో మాట్లాడా. పదహారేళ్లుగా పనిచేస్తున్న మనిషి, సీజనంతా ఫ్యూగల్ డ్రమ్ముల దగ్గర ఇలాంటివాడు దొరకడని చెప్పా. నువ్వు మానేశావని నేను పూచీ పడితే జూన్లో గానుగ మొదలయ్యాక మళ్లీ తీసుకుంటాడు. ఇల్లు కూడా ఖాళీ చెయ్యక్కర్లేదు, అంతదాకా ఉండొచ్చు. భౌజీ, విన్నావా? మీరు ఎక్కడికీ వెళ్లడం లేదు!"

కౌశల్య తలుపు కమ్మీ పట్టుకుంది. ఏడుపొచ్చింది. ఈ మనిషికి పాదాలంటి దండం పెట్టాలనిపించింది.

"ఇవాళ్టితో ఆఖరు," అన్నాడు జై సీసా మూత తిప్పుతూ. "మన ముగ్గురం కలిసి దీనికి వీడ్కోలు చెప్తాం. రేపటినుంచి నువ్వు సాధువు. నేను పూచీ. భౌజీ, ఒక గ్లాసు. ఒక్కటి చాలు."

ముకేష్ నవ్వాడు. "భయ్యా సాధువైతే సోమవారాలు మాకు నవ్వు ఎలా?"

పోతయ్య కౌశల్య వంక చూశాడు. ఇరవై తొమ్మిదేళ్ల కాపురంలో అతను ఆమెని అలా చూడలేదు. ఏమీ అనకు, అని ఆ చూపు. ఆమె రవికెలో ఉత్తరం ఉంది. చుక్క కూడా విషమే, అంది ఆ పిల్ల. నా మొగుడికి ఒంట్లో బాగాలేదు, ఇవాళ వద్దు, అని ఒక్క మాట అంటే చాలు. ఏం బాగాలేదు భౌజీ, అని అడుగుతాడు జై. అతను అడగకుండా ఉండడు, మంచివాడు.

ఆమె గ్లాసు తెచ్చి ఇచ్చింది.

జై వంచాడు. ముందు తను ఒక్క గుక్కలో తాగి, మళ్లీ నింపి ముకేష్‌కి ఇచ్చాడు. ముకేష్ తాగి, గ్లాసు తిప్పి ఇచ్చాడు. మూడోసారి నింపి జై పోతయ్య వైపు చాపాడు.

పోతయ్య నిటారుగా కూర్చున్నాడు. రెండు అరచేతులూ దొప్పల్లాగా చేసి, ఒక్కసారి, బోలుగా, చప్పట్లు కొట్టాడు. తర్వాత రెండు చేతులతో గ్లాసు అందుకున్నాడు.

గుడి హాల్లో యంగోనా గిన్నె, గ్రోగ్ అని కూడా పిలిచే ఆ వేరు పానీయం, అందుకునే ముందు అలా కొడతారు. ఈ దేశంలో అందరికీ తెలిసిన మర్యాద అది. రమ్ముకి ఎవరూ కొట్టరు. ఏ తాగుబోతూ ఏ ఊళ్లోనూ కొట్టడు.

ముకేష్ పగలబడ్డాడు. "భయ్యా, ఇది గ్రోగ్ కాదు!"

పోతయ్య కళ్లు మూసుకుని, యంగోనా తాగినట్టే ఆగకుండా మింగేశాడు. ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత అతని మొహమంతా ముడుచుకుంది. దగ్గు తెర తెరలుగా వచ్చింది. నీళ్ల కోసం చెయ్యి గాల్లో తడిమింది. కౌశల్య నీళ్లు పట్టింది. అతని వీపు మీద ఆమె అరచేతి కింద గుండె కొట్టుకుంటోంది, ఆగుతోంది, ఉలిక్కిపడి మళ్లీ కొట్టుకుంటోంది.

జై నవ్వలేదు. అతను పోతయ్య చేతుల్ని చూస్తున్నాడు. ఇంకా దొప్పల్లాగే ఉన్నాయి అవి. తర్వాత మెడ మీది చెమట చూశాడు. చొక్కా కిందకి వెళ్తున్న ఎడమ చెయ్యి చూశాడు. పోయిన సీజన్లో పక్క డ్రమ్ము దగ్గర సన్యాసి చెయ్యి కూడా అక్కడికే వెళ్లేది. జై అప్పుడూ ఫోర్‌మనే.

సీసాకి మూత పెట్టి బిగించాడు. చాలా నెమ్మదిగా బిగించాడు.

"పద," అన్నాడు ముకేష్‌తో.

"ఇంకా సగం ఉంది భయ్యా—"

"పదరా అంటే."

కౌశల్య కంచె దాకా వెంట వెళ్లింది. జూన్ మాట మళ్లీ అంటాడేమోనని ఎదురుచూసింది. మేనేజరు మాట, ఇంటి మాట, పూచీ మాట. జై కంచె తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అతనికి ఏదో అనాలని ఉంది. గుండె జబ్బువాణ్ణి తెలిసి తెలిసి ఆ డ్రమ్ముల మధ్య నిలబెట్టే ఫోర్‌మన్ ఎవడుంటాడు?

"భౌజీ," అన్నాడు ఆఖరికి, ఆమె కళ్లలోకి చూడకుండా. "సామాను మోయడానికి మనుషులు కావాలంటే చెప్పు. నేను పంపుతా."

"సరే భయ్యా," అంది కౌశల్య.

వాళ్లు పట్టాలు దాటేదాకా చూసి వెనక్కి వచ్చింది. పోతయ్య గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మొహం ఎర్రగా, తడిగా ఉంది. కళ్లు మెరుస్తున్నాయి. చిన్నపిల్లాడు పద్యం అప్పజెప్పి మాస్టారి వంక చూసినట్టు చూశాడు.

"బాగానే తాగానా?" అన్నాడు.

కౌశల్య పక్కన కూర్చుని, కొంగుతో అతని గడ్డం తుడిచింది.

"బాగానే తాగావు," అంది.